లారీ దిగిన ఏనుగు ఎటు పోతుంది? మన్యం గుంపు, తరలింపు ప్రశ్న

లారీలకు పేరుపడ్డ సాలూరులో ఎంత బరువునైనా ఎక్కించి పంపడం పెద్ద విషయం కాదు. మత్తుసూది వేసి, కుంకీల (శిక్షణ పొందిన ఏనుగుల) సాయంతో ఏనుగును లారీ ఎక్కించడమూ అటవీశాఖకు సాధ్యమే. దింపిన అడవిలో అది నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. పార్వతీపురం మన్యం జిల్లా చర్చల్లో దీనికి దక్కిన చోటు తక్కువ.

ఒడిశాలోని గజపతి జిల్లా లఖారి లోయ అభయారణ్యం వైపు నుంచి 2007లో ఏనుగులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోకి వచ్చాయి. వాటిని పట్టి వెనక్కి పంపాలని చేపట్టిన 'ఆపరేషన్ గజ' రెండు ఏనుగులు చనిపోవడంతో ఆగిపోయింది. 2018లో మరో గుంపు దిగింది. కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస, కురుపాం మండలాల్లో తిరగడం మరిగింది. కారణం వెతకనక్కర్లేదు. నాగావళి నీరు, ఒడ్డున వరి, చెరకు, అరటి, మొక్కజొన్న. కొండ మీద రోజంతా తిరిగితే దొరికే మేత ఇక్కడ ఒక్క రాత్రిలో దొరుకుతుంది. ఈ తిండికి మూల్యం ఇరువైపులా ప్రాణాలే. మనుషులు ఏనుగుల దాడులకు బలయ్యారు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి ఒకేసారి చచ్చిపోయాయి.

తీసుకుపోయి దూరపు అడవిలో వదిలేస్తే సరి అనేవాళ్లు శ్రీలంక అనుభవం చూడాలి. పృథ్విరాజ్ ఫెర్నాండో బృందం పంటల మీద పడే 12 మగ ఏనుగులకు జీపీఎస్ కాలర్లు కట్టి, జాతీయ పార్కుల్లో వదిలిన తర్వాత వెంబడించింది. ఫలితాలు 2012లో వెలువడ్డాయి. రెండు ఏనుగులు వదిలిన పార్కుల్లోనే హతమయ్యాయి. మిగిలినవన్నీ పార్కు దాటాయి. కొన్ని పట్టుబడ్డ చోటికే తిరిగొచ్చాయి, కొన్ని ఎక్కడా నిలవక తిరిగాయి, కొన్ని కొత్త చోట స్థిరపడ్డాయి. గొడవ తగ్గకపోగా కొత్త ఊళ్లకు పాకింది, ఏనుగుల చావులూ పెరిగాయి.

మన పక్కనా ఇదే కథ. తొండం గాయపడి మనుషుల తిండికి అలవాటుపడిన రివాల్డో అనే ఏనుగును తమిళనాడు అటవీశాఖ 2021లో దాదాపు మూడు నెలలు క్రాల్‌లో (దుంగల దొడ్డిలో) ఉంచి, ఆగస్టులో ముదుమలై లోపలి అడవిలో వదిలింది. మర్నాటికల్లా అది పాత చోటికి నడిచొచ్చింది! 2023 ఏప్రిల్‌లో కేరళ చిన్నకనాల్‌లో పట్టి పెరియార్‌లో వదిలిన అరికొంబన్ అనే ఏనుగు మే నెలలో తమిళనాడు కంబం వీధుల్లో కనిపించింది. జూన్‌లో మళ్లీ పట్టి, ముండంతురై అడవికి పంపాల్సి వచ్చింది.

మరి బందీ ఏనుగు అడవికి అలవాటుపడటమే జరగదా? జరుగుతుంది. శ్రీలంకలోనే ఉడవలవే కేంద్రం 1995 నుంచి తల్లి లేని గున్నలను సాకుతోంది. పాలు పట్టేవేళ తప్ప మనుషుల చేరిక తగ్గించి, కొంత పెరిగాక జట్టుగా పక్కనున్న జాతీయ పార్కులో వదులుతారు. వయసు, తోడు, అలవాటు మూడూ అనుకూలించాయి కనుక పని జరిగింది. పొలం రుచి మరిగిన పెద్ద మగ ఏనుగును ఒంటరిగా దింపినప్పుడు ఈ మూడింటిలో ఏదీ ఉండదు.

ఈ వెలుగులో చూస్తే సీతానగరం మండలం గుచ్చిమి దగ్గర తలపెట్టిన పునరావాస కేంద్రం, 2025 మేలో కర్ణాటక మన రాష్ట్రానికి అప్పగించిన కుంకీలు సగం ఏర్పాటే. కుంకీ ఏనుగును తోలగలదు, పట్టగలదు. పట్టిన తర్వాత ఎక్కడ ఉంచాలో చెప్పలేదు. గుంపులోని పెద్ద ఏనుగులకు ముందే కాలర్లు కట్టి, ఏడాదంతా వాటి దారులు నమోదు చేసి, ఆ లెక్కలను ఒడిశా అటవీశాఖతో పంచుకోవాలి. వేలాడే కరెంటు తీగలు సరిచేయడానికి, పంట పరిహారం రైతు చేతికి వేగంగా అందించడానికి ఆ లెక్కల కోసం ఆగనక్కర్లేదు. ఒక్క ఏనుగును లారీ ఎక్కించే ముందే ప్రభుత్వం ఈ పనులు మొదలుపెట్టాలి.