పేరు దక్కని రైలు

1974 ఏప్రిల్‌లో అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ఒక టెలివిజన్ కార్యక్రమపు ప్రారంభ గీతం అగ్రస్థానానికి చేరింది. అంతకు మునుపు ఏ టెలివిజన్ గీతానికీ ఆ స్థానం దక్కలేదు. ఆ కార్యక్రమం 'సోల్ ట్రైన్'. పాట పేరు మాత్రం 'టీఎస్ఓపీ', అంటే 'ద సౌండ్ ఆఫ్ ఫిలడెల్ఫియా'. కార్యక్రమానికి పుట్టిన పాటకు నగరం పేరు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం సంగీతంలో కాదు, యాజమాన్య రాజకీయాల్లో ఉంది.

సోల్ ట్రైన్ సృష్టికర్త డాన్ కార్నీలియస్ షికాగో రేడియోలో పౌరహక్కుల ఉద్యమ వార్తలు అందించిన పాత్రికేయుడు. 1964 నాటి పౌరహక్కుల చట్టం హోటళ్ల, పాఠశాలల తలుపులు తెరిచింది; టెలివిజన్ తెరపై చోటు మాత్రం చట్టంతో వచ్చేది కాదు. యువతను ఉర్రూతలూగించిన 'అమెరికన్ బ్యాండ్‌స్టాండ్' నృత్య కార్యక్రమం ఫిలడెల్ఫియా నుంచి ప్రసారమైన కాలంలో నల్లజాతి కుర్రకారును చాలావరకు గుమ్మం వద్దే ఆపేసింది. ఆ గుమ్మం ముందు నిలబడి అర్థించడానికి బదులు, కార్నీలియస్ 1970లో షికాగోలో సొంత వేదిక కట్టాడు. మరుసటి ఏడాది అది ఇతర నగరాలకూ విస్తరించింది. నల్లజాతి యాజమాన్యంలోని జాన్సన్ ప్రోడక్ట్స్ సంస్థ ప్రకటనలు దానికి ఆర్థికంగా అండ అయ్యాయి.

ఆ వేదికకు కొత్త గీతం కావాలని ఆయన ఆశ్రయించినది ఫిలడెల్ఫియాకు చెందిన కెనెత్ గ్యాంబుల్, లియాన్ హఫ్‌లను. 1971లో సొంత రికార్డుల సంస్థ స్థాపించిన నల్లజాతి స్వరకర్తలు వారు. సిగ్మా సౌండ్ స్టూడియోలో నలుపు తెలుపు తేడా లేకుండా ముప్పై మందికి పైగా వాద్యకారులున్న 'ఎంఎఫ్ఎస్‌బీ' బృందం ఆ గీతాన్ని వాయించింది. ఎర్ల్ యంగ్ ప్రతి మాత్రకూ పెద్ద డ్రమ్మును మోగిస్తూ, మధ్యమధ్య హై-హ్యాట్ తాళాలను తెరిచి మూశాడు. దానిపై వాయులీనాలు, బాకాలు పరచుకున్నాయి. చివర 'త్రీ డిగ్రీస్' గాయనుల గొంతులు తోడయ్యాయి. గాయకుడి ఆర్తి కేంద్రంగా ఉండే సోల్ సంగీతంలో ఇక్కడ వాద్యబృందమే కథానాయకుడైంది. నృత్యశాలలు కోరుకున్నది సరిగ్గా ఆ ఆగని నడకనే. డిస్కోకు అది పునాదిరాళ్లలో ఒకటైంది.

రికార్డు విడుదలయ్యే వేళ, తన కార్యక్రమం పేరు పాటకు పెట్టడానికి కార్నీలియస్ ఒప్పుకోలేదు. అది పొరపాటని తరువాత ఆయనే అంగీకరించాడు. అయితే ఆ నిరాకరణను అహంకారమని కొట్టివేయలేం. నల్లజాతి సంగీతపు లాభాలు తరతరాలుగా పరుల చేతికి వెళ్లిన దేశంలో, స్వయంగా సంపాదించుకున్న ఒక్క పేరును ఇతరుల రికార్డుపై ఉంచడానికి వెనుకాడడం చరిత్ర నేర్పిన జాగ్రత్తే. ఆ జాగ్రత్త ఫలితంగా, నల్లజాతి పిల్లలను నృత్యవేదిక నుంచి దూరం పెట్టిన నగరం పేరే వారి సంగీతానికి చిరునామాగా స్థిరపడింది.