ఇంగ్లిష్ గ్రామర్ మొదలెడుతున్నారా? ముందు ఈ 5 విషయాలు చూడండి

పిల్లల స్కూల్ డైరీ ఇంగ్లిష్‌లో వస్తుంది. తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో చదువూ ఇంగ్లిష్ మీడియమే. డైరీలో ఏం రాశారో తెలియక పక్కింటివాళ్లను అడిగే తల్లులు మనలో చాలామందే ఉన్నారు. దీనికోసం గ్రామర్ పుస్తకమంతా బట్టీ పట్టక్కర్లేదు. ఇంట్లో తెలుగు, ఉర్దూ రెండూ తెలిస్తే ఇంకా సులువు.

1. మాటల వరుస: "నేను చాయ్ తాగుతాను", "మై చాయ్ పీతీ హూ". రెండింటిలోనూ క్రియ చివరే. ఇంగ్లిష్‌లో అది మధ్యకు వస్తుంది: "ఐ డ్రింక్ టీ". ముందు ఎవరు, తర్వాత పని, ఆపైన మిగతాది.

2. యామ్, ఈజ్, ఆర్: తెలుగులో "ఆమె డాక్టర్" అంటే చాలు, క్రియ అక్కర్లేదు. అందుకే చాలామంది "షీ డాక్టర్" అనేస్తారు. ఉర్దూలో "వో డాక్టర్ హై" అంటాం కదా, ఆ "హై" చేసే పనే ఇక్కడ "ఈజ్" చేస్తుంది: "షీ ఈజ్ ఎ డాక్టర్". ఐ పక్కన యామ్; హీ, షీ, ఇట్ పక్కన ఈజ్; యూ, వీ, దే పక్కన ఆర్.

3. ఎ, యాన్: ఇలాంటి ఆర్టికల్స్ మన రెండు భాషల్లోనూ లేవు. ఏది పెట్టాలో స్పెల్లింగ్ చూసి కాదు, పలికే శబ్దాన్ని బట్టి తేల్చాలి. "యాన్ అవర్", కానీ "ఎ యూనివర్సిటీ".

4. క్రియ రూపం: రోజూ చేసే పని చెప్పేటప్పుడు హీ, షీ, ఇట్ ఉంటే క్రియకు "ఎస్" చేరుతుంది: "షీ రీడ్స్". "డిడ్" వచ్చాక మాత్రం క్రియ మామూలుగానే ఉండాలి. "డిడ్ యూ వెంట్" తప్పు, "డిడ్ యూ గో" ఒప్పు. జరిగిపోయిందనే సంగతి "డిడ్" చెప్పేసింది.

5. మీద, లో, కోసం: "టేబుల్ మీద", "మేజ్ పర్" అన్నప్పుడు "మీద", "పర్" వెనక వస్తాయి. ఇంగ్లిష్‌లో ముందుకొస్తాయి: "ఆన్ ద టేబుల్".

వారానికి ఒక్క విషయం చాలు. రోజూ 15 నిమిషాలు కూర్చుని, ఇంటి పనుల మీద ఐదు వాక్యాలు రాయండి. పిల్లల ఒకటో తరగతి రీడర్ వాళ్లతో కలిసి పైకి చదవండి. అమ్మీ తప్పు చదివితే ఇంట్లో ఎవరూ నవ్వకూడదు. నవ్వితే పుస్తకం అక్కడే మూతపడుతుంది.

మొదటి లక్ష్యం చిన్నదే పెట్టుకోండి: పిల్లాడి లీవ్ లెటర్ మీరే రాయడం. "మై సన్ ఈజ్ సిక్. హీ నీడ్స్ లీవ్ ఫర్ టూ డేస్." పైన చెప్పిన ఐదింటిలో నాలుగు ఈ రెండు వాక్యాల్లోనే ఉన్నాయి.