తెల్లపంచె వెల

ఎన్నికలలో నిలుచువారి దుస్తులకై వ్యయమగు ధనమును గూర్చి లోకమున అప్పుడప్పుడొక కలకలము పుట్టి యణగుచుండును. 2008లో అమెరికాయందు ఉపాధ్యక్షపదవికి పోటీచేసిన సారా పేలిన్ దుస్తులకును అలంకరణమునకును ఆమె పక్షమువారు లక్షయేబదివేల డాలర్లకు పైగా వెచ్చించిరని తెలిసి పత్రికలు చాల దినములు ఘోషించినవి. అంతకు ముందటి యేడు జాన్ ఎడ్వర్డ్సు అను అభ్యర్థి నాలుగువందల డాలర్లతో చేయించుకొనిన క్షౌరము ఆయన ప్రచారనిధి లెక్కలో కనబడుటచే నవ్వులపాలయ్యెను. మన దేశమున 2015 జనవరిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తన పేరే చారలుగా నేసిన సూటును తొడిగెను. దానిపై ప్రతిపక్షమువారు చేసిన హేళనము నేటికిని జనులకు జ్ఞాపకమే. మఱుసటి నెలలో సూరతునందు దానిని వేలము వేయగా 4 కోట్ల 31 లక్షల రూపాయలు పలికినది.

ఇవి దూరపు కథలు. బందరు, గుడివాడ, దివిసీమలలో ఈ తగవు నూఱేండ్లనుండి నడచుచునే యున్నది గాని దాని రూపము వేఱు. ఇచ్చటి తగవు పట్టుబట్టను గూర్చినది కాదు, ముతకబట్టను గూర్చినది. వెలగల దుస్తులు తొడిగినవానిని నిలదీయుట సులభము. వెలలేనట్లు కనబడు దుస్తులవాని సంగతి యేమి?

అభ్యర్థికి ఇంగ్లీషువారు వాడు క్యాండిడేట్ అను మాట లాటిను భాషనుండి వచ్చినది. తెల్లని వస్త్రము ధరించినవాడని దాని యర్థము. రోమునగరమున అధికారపదవిని కోరువాడు తన టోగా యను పైవస్త్రమును సుద్దతో మెఱయించుకొని జనులయొద్దకు పోయెడివాడు. ఓట్లకొఱకు వస్త్రమునకు తెలుపు పూయరాదని క్రీ.పూ. 432లో ట్రిబ్యూనులు శాసనము చేయించిరని లివీ యను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. ఎన్నికల దుస్తులపై వెలసిన శాసనములలో ఇంతకంటె పాతది నేనెఱుగను. దానిని రోమనులెంత చక్కగా పాటించిరో ఆ తెలుపు పేరే అభ్యర్థికి నేటివఱకు నిలిచియుండుటచే తెలియుచున్నది.

బందరువారికి బట్ట విలువను ఒకరు చెప్పనక్కఱలేదు. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు ఇచ్చట వర్తకశాల నెలకొల్పుకొనినది ముఖ్యముగా బట్టకొఱకే. తూర్పుదీవుల సుగంధద్రవ్యములను కొనుటకు అచ్చటివారు కోరినది బంగారమును కాదు, ఈ తీరపు అద్దకపు వస్త్రములను. ఇసుకనేలలలో పెరుగు చిరివేరునుండి తీసిన ఎఱుపు ఎన్ని ఉదుకులకును వెలియదని పేరు. పెడనలో కలంకారీ పనివారు నేటికిని ఆ విద్యను విడువలేదు. లంకషైరు మరబట్ట వచ్చి ఈ వృత్తులను కుంగదీసినది. కావున బిపినచంద్రపాలుడు 1907లో బందరునకు వచ్చి స్వదేశివ్రతమును బోధించినపుడు, ఆ మాట ఇచ్చటి నేతగాని యింటికిని వర్తకుని యింటికిని సూటిగా తగిలినది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఈ పట్టణముననే వెలసినది.

అంతవఱకు నాయకుడనగా తలపాగయు, పొడవుకోటును, జరీయంచు ఉత్తరీయమును గలవాడు. శాసనసభలకు ఓటుహక్కు ఆస్తిగలవారిదే యైన కాలమున ఆ వేషమును చూచి తప్పుపట్టినవారు అరుదు. దొరలయెదుటికి పోవువాడు దొరవలె నుండవలెనని అందఱును తలచిరి. ఆ దుస్తుల వెల యెంతయో చూచినవాడు తెలిసికొనగలిగెడివాడు. ఆ పాత వేషమునందలి యొక గుణము అదియే యని నా యభిప్రాయము.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదులలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై కోటిరూపాయల తిలక్ స్వరాజ్యనిధిని, కోటి సభ్యులను, ఇరువదిలక్షల రాట్నములను సమకూర్పవలెనని తీర్మానించినది. బందరునకు చేరువనున్న భట్లపెనుమఱ్ఱున పుట్టిన పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనాను చూపినది ఆ సందర్భముననే. (వెంకయ్యగారు పత్తిపంటపై చేసిన పరిశోధనలచే వారికి పత్తి వెంకయ్య యనియు పేరు. జాతీయపతాకము ఖద్దరుదే కావలెనను నియమము 2021 డిసెంబరు వఱకు నిలిచి, అటుపిమ్మట మరబట్టకును పాలియెస్టరునకును తావిచ్చినది.) ఆ యేడే సెప్టెంబరు 22న మధురలో గాంధీ చొక్కాయిని, టోపీని విడిచి కొల్లాయిగట్టెను. అట్లు చేయుటకు కారణము వైరాగ్యమని పలువురు తలంతురు. ఆయన చెప్పిన కారణమున లెక్క గలదు. విదేశివస్త్రమును విడువుడని తాను బోధించుచున్నాడు. విడిచినవానికి సరిపడు ఖద్దరు కొనుటకు బీదవానియొద్ద ధనము లేదు. కావున ఉన్న కొద్దిబట్టతోనే గడుపుకొనవచ్చునని తాను మొదట చూపవలెను. దేశనాయకుడొకడు తన దుస్తులను బీదవాని సంచితో కొలిచి నిర్ణయించుకొనిన ఘట్టమిది.

ఇది గ్రహించినవారు కొందఱే. మిక్కిలిమంది ఖద్దరును చూచిరి గాని దాని వెనుకనున్న లెక్కను చూడలేదు. చేనూలు బట్ట మరబట్టకంటె ప్రియము, త్వరగా మాయును, బరువు. పట్టాభి సీతారామయ్య వైద్యవృత్తిని విడిచి దేశసేవకు దిగిన పట్టణమున, ముట్నూరి కృష్ణారావు కృష్ణాపత్రికను నడిపిన పట్టణమున, నాలుగురాళ్లు గల గృహస్థులు ఖద్దరు కట్టిరనుట వింత కాదు. కూలినాలి చేసికొనువాడు దానిని కట్టినయెడల అది త్యాగము. అయినను సభలో ఇద్దఱును ఒకేవిధముగా కనబడిరి. ఆ సమానత్వమునందు గొప్ప మేలును కలదు, చిన్న మోసమును కలదు.

ఆ మోసమును కాంగ్రెసే ముందుగా పసిగట్టినది. ఖద్దరు కట్టనివారికి సంఘపు ఎన్నికలలో ఓటు లేదని నియమించుకొనిన పిమ్మట, సభకు వచ్చునపుడు మాత్రము ఖద్దరు తగిలించుకొని ఇల్లుచేరగానే విడుచువారు తయారైరి. అందుచే 1926 గౌహతి కాంగ్రెసులో నియమమును బిగించి, అలవాటుగా ధరించువారికే ఆ హక్కని మాట చేర్చవలసి వచ్చినది. ఇంటిలో ఎవడేమి కట్టునో చూచువారెవరు? 1929 వేసవిలో గాంధీ ఖద్దరునిధికై ఆంధ్రదేశమంతట తిరిగినపుడు స్త్రీలు ఒడలిమీది నగలు తీసియిచ్చిరి. 1937లో మదరాసు శాసనసభలోని 215 స్థానములలో 159 కాంగ్రెసునకు దక్కినవి. అప్పటినుండి ఖద్దరు స్వభావము మాఱినదని నేను చెప్పుదును. అంతకుముందు అది చెఱసాలకు దారి. అటుతరువాత కచేరికిని దారియైనది. చెఱసాలకు పోవువాని బట్టను ఎవ్వరును శంకింపరు.

బాపూజీని దారిద్ర్యములో నుంచుటకు ఎంత ధనమగుచున్నదో ఆయన యెఱుగడని సరోజినీదేవి పరిహాసమాడినట్లు ఒక మాట ప్రచారమున గలదు. స్నేహముతో ఆడిన మాట యది. కాని తరువాతివారి విషయమున అది లెక్కల మాటయే. మా డెల్టాలో వర్షకాలమున నల్లరేగడి బురద, వేసవిలో కళ్లపు దుమ్ము. ఇట్టిచోట తెల్లపంచె, తెల్లచొక్కాయి, తెల్ల కండువాతో పగలంతయు ఊళ్లు తిరిగి, సాయంకాలపు సభలో మడత నలుగక కనబడవలెనన్న దినమునకు ఎన్ని జతలు కావలెను? వానిని ఉదికి, గంజిపెట్టి, ఇస్త్రీచేయు చేతులెన్ని? శ్రీకాకుళపు పొందూరులో వాలుగచేప దవడతో పత్తిని ఏకి వడికిన సన్నని ఖద్దరును నాయకులు ప్రీతితో కట్టుదురు. దాని పనితనమునకు ఎంత వెలయైనను తగును. దానిని పేదవాని బట్టయని చెప్పుట మాత్రము తగదు. నాగాయలంక పడవవానికి గాని, గుడ్లవల్లేరు పొలములో నాట్లువేయు కూలికి గాని అట్టి తెలుపు ఒక దినమైనను సాధ్యము కాదు. వారిలో నొకడు అభ్యర్థిగా నిలువదలచినచో ధనవంతుని పట్టుకోటుకంటె ఈ తెల్లపంచెయే వానిని ఎక్కువ బెదరించును. పట్టుకోటులేదని వానిని ఎవ్వరును నవ్వరు. మాసినబట్టతో వచ్చెనని నవ్వుదురు.

తెలుపు ఒక్కటియే ఓట్లు తేదని ఈ ప్రాంతపువారు తొలి సార్వత్రిక ఎన్నికలలోనే చూపిరి. 1952లో బందరు లోకసభ స్థానమును గెలుచుకొనినవాడు కమ్యూనిస్టుపక్షపు సనక బుచ్చికోటయ్య. మఱుసటి ఎన్నికలో అది కాంగ్రెసువాడగు మండలి వెంకటకృష్ణారావునకు వచ్చినది. ఆయనను జనులు దివిసీమ గాంధీ యనిరి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొనినపుడు ఆయన శవముల నడుమను, బ్రతికినవారి నడుమను తిరిగి చేసిన సేవచే ఆ పేరు నిలిచినది. కట్టుబట్టతో మిగిలిన జనులు ఆదుకొనవచ్చినవాని బట్ట ఏ నూలుదని చూడరు. ఆ యుప్పెన బాధితులకై విరాళములు పోగుచేయుచు వీథులవెంట తిరిగిన చలనచిత్రనటులలో గుడివాడ ప్రాంతమున పుట్టిన ఇద్దఱు ముఖ్యులు: రామాపురపు అక్కినేని నాగేశ్వరరావు, నిమ్మకూరి నందమూరి తారకరామారావు.

రామారావుగారి సంగతికి వచ్చుటకు ముందు కూచిపూడిని తలచుకొనవలెను. ఆ గ్రామమును ఈ డెల్టాలోనిదే. భరతుడు అభినయమును నాలుగు విధములుగా విభజించి, వేషభూషణములచే సాగునది ఆహార్యమనెను. కూచిపూడివారు తరతరములుగా ఆ విద్యచే బ్రతికిరి. పురుషుడు జడవేసికొని సత్యభామయై వచ్చినపుడు చూచువారెవ్వరును మోసపోరు. అది వేషమని వారికి తెలియును, వానికిని తెలియును. పగటివేషగాడు సైతము చివరిదినమున వేషము విప్పి సంభావన యడుగును. రాజకీయమున వచ్చిన చిక్కంతయు విప్పుదినము లేకపోవుటయే.

1957లో మాయాబజారులో కృష్ణుడై కనబడినది మొదలు రామారావు కిరీటములతో తెలుగువారి కన్నులలో నిలిచెను. 1982 మార్చి 29న తెలుగుదేశము పక్షమును స్థాపించి, చైతన్యరథమని పేరిడిన మోటారుబండిపై ఖాకీ దుస్తులతో రాష్ట్రమంతయు తిరిగెను. కిరీటము తీసి కార్మికుని రంగు తొడిగెనని అభిమానులు మురిసిరి. అదియు ఒక పాత్రయే యని ఎదిరివారు వెక్కిరించిరి. 1983 జనవరిలో గుడివాడ ఆయనను గెలిపించినది. 1985లోను గెలిపించినది. ముఖ్యమంత్రియై నెలకు ఒక్క రూపాయి జీతమే పుచ్చుకొనెదననెను. కొంతకాలమునకు కాషాయాంబరములు ధరించెను. సన్న్యాసియా, నటుడా, రాజర్షియా యని పత్రికలలో వాదములు చెలరేగినవి. ఇరుపక్షములవారును బట్ట రంగును గూర్చియే వాదించిరి. రథమునకు ధనమెచ్చటిది, దుస్తులకు ధనమెచ్చటిది, ఏ పద్దులో వ్రాసిరని అడుగుటలో ఆ చురుకుదనము కనబడలేదు. ఇది ఒక్క పక్షపు దోషము కాదు. ఖద్దరువారినిగూడ అంతకుముందు ఎవ్వరును అట్లడుగలేదు. ముతకబట్టను చూచినపుడు లెక్క యడుగుటకు మనకు నోరాడదు.

శాసనమునకు లెక్క తెలియకపోలేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్యచట్టము 77వ విభాగము ప్రకారము అభ్యర్థి నామపత్రము వేసిన దినమునుండి ఫలితము వెలువడు దినమువఱకు తన ఎన్నికల వ్యయమునంతటిని వ్రాసియుంచవలెను. ఫలితము తేలిన ముప్పది దినములలో ఆ లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి ఒప్పగింపవలెను. ఒప్పగింపనివానికి మూడేండ్లవఱకు అనర్హత తటస్థించును. 2022లో శాసనసభ స్థానమునకు వ్యయపరిమితిని మన రాష్ట్రమున 40 లక్షలుగా, లోకసభ స్థానమునకు 95 లక్షలుగా పెంచిరి. ఈ పరిమితి అభ్యర్థికే గాని పక్షమునకు లేదు. పేలిన్ కథలోను ద్వారము ఇదియే. అచ్చట అభ్యర్థి ప్రచారనిధితో దుస్తులు కొనరాదని చట్టము నిషేధించియుండగా, కొనినది పక్షము.

బట్టలమాట మన ఎన్నికల సంఘము ఆదేశములలో లేదనుకొనరాదు. కార్యకర్తలకు టోపీలు, కండువాలు ఈయవచ్చును గాని అవి లెక్కలోనికి రావలెను. చీర, చొక్కాయివంటి ప్రధానవస్త్రములను పంచుట లంచముగా పరిగణింపబడవచ్చును. ఓటరు చీరపైనను కార్యకర్త కండువాపైనను నిలిచినంతగా ఆ దృష్టి అభ్యర్థి సొంత పంచెపై నిలువలేదు. నిలిచినను ఫలమేమని అడుగువారుందురు. ఒప్పగించిన లెక్కలు బీరువాలో పడియుండునని వారి తలంపు. అది సగమే నిజము. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములలో 88వది చదువదగినది. ఏ వ్యక్తియైనను ఒక్క రూపాయి రుసుము చెల్లించి జిల్లా ఎన్నికల అధికారియొద్ద ఏ అభ్యర్థి లెక్కనైనను తెఱపించి చూడవచ్చును. కృష్ణాజిల్లాకు ఆ కచేరి బందరులోనే యున్నది.