బందరు

కొండపల్లి నుంచి బెజవాడ వచ్చి బస్సు మారేవాళ్ళెవరూ మామూలుగా ‘మచిలీపట్నం వెళ్ళొస్తా’ అనరు. ‘బందరు వెళ్ళొస్తా’ అంటారు. బెజవాడలో ఎం.జి. రోడ్డన్నది బోర్డుల మీది పేరు, నోటి మాటకు అది బందరు రోడ్డే.

మాట పారశీకానిది. బందర్ అంటే ఓడరేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్, గుజరాత్‌లో పోర్‌బందర్ దీని చుట్టాలే. గోల్కొండ కుతుబ్‌షాహీల కొలువు భాష పారశీకం. వాళ్ళ సరుకు పర్షియాకు ఓడలెక్కింది ఇక్కడే. అద్దకం బట్టలకు అక్కడ మంచి గిరాకీ. 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషువాళ్ళూ ఇక్కడే కొట్టు తెరిచారు. మద్రాసు కోటకింకా పునాదే పడలేదు!

1864 నవంబరు ఉప్పెన సుమారు ముప్పై వేల మందిని మింగింది. రేవు మళ్ళీ పాత ఊపు అందుకోలేదు.

మచిలీపట్నంలోని పట్టణమన్నా పాత వాడుకలో రేవూరే. ఆ లెక్కన ఇప్పుడు కడుతున్న ‘బందరు పోర్టు’ అంటే రేవు రేవు. ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు, నాకూ లేదు.

ఇక బందరు లడ్డు: శనగపిండిని జంతికల్లా వత్తి, వేయించి, దంచి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్ళీ రోట్లో తొక్కుతారు. అందుకే దానికి తొక్కుడు లడ్డని ఇంకో పేరు.