ఖమ్మంలో రాజుకొని ఉస్మానియాకు పాకిన 1969 విద్యార్థి ఉద్యమం

ఉద్యోగ రక్షణల అమలు కోసం ఆరంభమైన ఆందోళన కొద్ది వారాల్లోనే ప్రత్యేక రాష్ట్ర డిమాండుగా మారడం 1969 తెలంగాణ ఉద్యమ విశిష్టత. దీనికి ఖమ్మం జిల్లా నాంది పలుకగా, ఉస్మానియా కేంద్రంగా ఏర్పడిన తెలంగాణ విద్యార్థుల కార్యాచరణ సమితి ముందుకు నడిపింది.

నేపథ్యం

ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ఉద్యోగాలు, విద్యావకాశాలు, మిగులు నిధుల విషయంలో తెలంగాణకు హామీలిచ్చింది. అదే ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. తెలంగాణలో నిర్దిష్ట ఉద్యోగాలకు 15 ఏళ్ల స్థిర నివాసం తప్పనిసరి అనే నిబంధనకు 1957 నాటి కేంద్ర చట్టం ఆధారమైంది. అయితే బోగస్ ముల్కీ ధ్రువపత్రాలతో స్థానికేతరులు కొలువులు పొందుతున్నారని, మిగులు నిధులు ఇతర ప్రాంతాలకు తరలుతున్నాయని అసంతృప్తి పెరిగింది.

పాల్వంచలో తొలి నిప్పురవ్వ

అప్పటి ఖమ్మం జిల్లాలోని పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికేతరుల నియామకాలపై నిరసన వ్యక్తమైంది. 1969 జనవరి 8న ఖమ్మంలో విద్యార్థి నాయకుడు అన్నాబత్తుల రవీంద్రనాథ్ నిరాహారదీక్షకు పూనుకున్నారు. ఆందోళన అనతికాలంలోనే హైదరాబాదుకు, ఇతర జిల్లాలకు విస్తరించింది.

విద్యార్థుల్లో రెండు వాదనలు

రక్షణలు అమలైతే చాలునని ఒక వర్గం, ప్రత్యేక రాష్ట్రమే శాశ్వత పరిష్కారమని మరో వర్గం వాదించాయి. రెండవ వాదనకు కార్యాచరణ సమితి నాయకుడు మల్లికార్జున్ ప్రతినిధిగా నిలిచారు. జనవరి 19న అఖిలపక్ష ఒప్పందం కుదిరింది. స్థానికేతర ఉద్యోగులను వెనక్కు పంపాలంటూ కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం జనవరి 21న 36వ నంబరు జీవో జారీ చేసింది. అయినా ఆందోళన చల్లారలేదు. జనవరి 24న సదాశివపేటలో పోలీసు కాల్పులు జరిగాయి. మార్చి 28న సుప్రీంకోర్టు 1957 చట్టంలోని నివాస నిబంధన తెలంగాణకు సంబంధించినంతవరకు చెల్లదని తీర్పునిచ్చింది. దీంతో రక్షణల వాదనకు చట్టపరమైన పునాది సడలింది.

చేతులు మారిన నాయకత్వం

ఉద్యమ పగ్గాలు క్రమేణా తెలంగాణ ప్రజా సమితికి, మే నెలలో దాని సారథ్యం చేపట్టిన మర్రి చెన్నారెడ్డికి చేరాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాలకుగాను సమితి పదింటిని గెలుచుకుంది. అయితే అదే ఏడాది సెప్టెంబరులో అది కాంగ్రెస్‌లో విలీనమైంది. బ్రహ్మానందరెడ్డి స్థానంలో తెలంగాణకు చెందిన పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రి మారినా, విద్యార్థులు కోరిన రాష్ట్రం మాత్రం రాలేదు. మృతులు 369 మంది అని ఉద్యమకారులు చెబుతారు. ప్రభుత్వ లెక్క అంతకన్నా తక్కువ. వారి స్మృత్యర్థం శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపొందించిన స్తూపం హైదరాబాదు గన్‌పార్కులో ఉంది.

నలభై ఏళ్ల తరువాత

2009 నవంబరులో మలిదశ ఉద్యమం ఉధృతమైనప్పుడు ఉస్మానియా విద్యార్థులు వివిధ సంఘాలను కలుపుకొని సంయుక్త కార్యాచరణ సమితిగా ఏర్పడ్డారు. రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ ఆరంభిస్తామని డిసెంబరు 9న కేంద్రం ప్రకటించింది. డిసెంబరు 23 నాటి మరో ప్రకటనతో విస్తృత సంప్రదింపులు అవసరమని వెనుకంజ వేసింది. 2010 జనవరి 3న విద్యార్థులు ఉస్మానియాలో విద్యార్థి గర్జన సభ నిర్వహించారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించింది. 2016 జిల్లాల పునర్విభజన అనంతరం పాల్వంచ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది.