అయాచిత వాణిజ్య ఈమెయిళ్లు: చట్టాలు, శిక్షలు, గోదావరి డెల్టా

గ్రహీత అడగకుండా, అనుమతి తీసుకోకుండా, సరుకు అమ్మడానికో సేవను ప్రచారం చేయడానికో గుంపగుత్తగా పంపే ఈమెయిల్‌ను అయాచిత వాణిజ్య ఈమెయిల్ అంటారు. వాడుకలో దీని పేరు స్పామ్. భారతదేశంలో దీనికి ప్రత్యేక చట్టం లేదు. అదే ప్రకటన ఎస్సెమ్మెస్‌గా వస్తే మాత్రం ఫిర్యాదుకు నంబరు, చర్యకు గడువు, తప్పుకు జరిమానా అన్నీ ఉన్నాయి. అందుకే రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు కేంద్రాలుగా ఉన్న గోదావరి జిల్లాల్లో ఒకే రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రకటనకు శిక్ష పడేదీ లేనిదీ అది వచ్చిన దారిని బట్టి ఉంటుంది.

సెక్షన్ 66ఏ

ఈమెయిల్ స్పామ్‌కు దగ్గరగా వచ్చిన నిబంధన సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలోని సెక్షన్ 66ఏ. 2008 సవరణతో చేరిన ఈ సెక్షన్ 2009 అక్టోబర్ 27న అమల్లోకి వచ్చింది. చిరాకు లేదా అసౌకర్యం కలిగించడానికి, పంపిందెవరో తెలియకుండా మోసగించడానికి ఈమెయిల్ పంపితే మూడేళ్ల వరకు జైలు, జరిమానా అని దాని (సి) ఖండం చెప్పింది. అందులో ‘వాణిజ్య’ అన్న మాట లేదు, గ్రహీత అనుమతి ఊసూ లేదు. చీరల కొట్టు ప్రకటననూ నాయకుడి మీద విమర్శనూ ఒకే గాటన కట్టిన ఈ సెక్షన్ పేరు తెచ్చుకున్నది రెండో రకం కేసులతోనే. 2013 మేలో చీరాల ఎమ్మెల్యే మీద, అప్పటి తమిళనాడు గవర్నర్ కె. రోశయ్య మీద ఫేస్‌బుక్‌లో వ్యాఖ్యలు పెట్టారని ఒక పౌరహక్కుల నాయకురాలిని అరెస్టు చేశారు. పై అధికారుల అనుమతి లేకుండా ఇలాంటి అరెస్టులు చేయొద్దని సుప్రీంకోర్టు ఆ నెలలోనే చెప్పాల్సివచ్చింది.

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. తీర్పు సబబైనదే. కానీ దానితోపాటే (సి) ఖండమూ పోయింది, ఆ జాగాలో ఈమెయిల్ కోసం మరో నిబంధన రాలేదు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికీ ఇదే అనుభవం. 2004లో స్పామ్ నేరం రుజువై జెరెమీ జేన్స్‌కు తొమ్మిదేళ్ల జైలుశిక్ష పడింది. వాణిజ్యంతో సంబంధం లేని అనామక మెయిళ్లను కూడా నేరం చేస్తోందని 2008లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్నే రద్దు చేసింది. 2004 జనవరి 1 నుంచి అమలవుతున్న అమెరికా సమాఖ్య చట్టం క్యాన్-స్పామ్ మాత్రం వాణిజ్య మెయిళ్లకే పరిమితమై నిలబడింది. పంపినవారి చిరునామా నిజమైనది కావాలి, వద్దన్నవారికి పది పనిదినాల్లోగా పంపడం మానాలి. ముందస్తు అనుమతి మాత్రం అక్కర్లేదు. 2014 నుంచి కెనడా అనుమతిని తప్పనిసరి చేసి, సంస్థలకు కోటి డాలర్ల వరకు జరిమానా పెట్టింది.

ఫోన్‌కు వస్తే

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2010లో, మళ్లీ 2018లో తెచ్చిన నిబంధనలు కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకూ వర్తిస్తాయి. “హైవే ఫేసింగ్, రుడా అప్రూవ్డ్, గజం ఇంత” (రుడా అంటే రాజమహేంద్రవరం పట్టణాభివృద్ధి సంస్థ) అన్న మెసేజ్ రాజమహేంద్రవరం వాసికి సక్రమంగా రావాలంటే పంపే సంస్థ ముందుగా నమోదై ఉండాలి, పంపినవారి పేరుగా కనిపించే హెడర్ చివర ప్రచారానికి గుర్తుగా ‘పి’ అక్షరం ఉండాలి. మామూలు పదంకెల నంబరు నుంచి వస్తే ఏడు రోజుల్లోగా 1909కు ఫిర్యాదు చేయవచ్చు. 2025 ఫిబ్రవరి సవరణ ప్రకారం ఇలా నమోదు కాకుండా పంపేవారి మీద ఐదు రోజుల్లో చర్య తీసుకోవాలి. మొదటి తప్పుకు పదిహేను రోజులు అవుట్‌గోయింగ్ బంద్, మళ్లీ చేస్తే ఏడాదిపాటు అన్ని కనెక్షన్లూ కట్. ఫిర్యాదుల లెక్కను తప్పుగా చూపే టెలికాం కంపెనీకి మొదట రెండు లక్షలు, తర్వాత ఐదు, ఆపైన పది లక్షల రూపాయల జరిమానా.

ఈమెయిల్, వాట్సాప్ ఈ నిబంధనల కిందికి రావు. ఇంత కట్టుదిట్టం చేశాక వెంచర్లవాళ్లు వాట్సాప్‌కు మళ్లితే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

మెయిల్‌లో ఏముందన్నది

మెయిల్ పంపడం నేరం కాకపోయినా, అందులోని సరుకు నేరం కావచ్చు. డెల్టాలో పనికొచ్చే ఆయుధం ఇదే. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద ప్రాజెక్టును నమోదు చేయకుండా ఏ రూపంలోనూ ప్రకటించకూడదు. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం వరకు జరిమానా ఉంటుంది. ఐదొందల చదరపు మీటర్లకు మించని స్థలానికి, ఎనిమిది ఫ్లాట్లకు మించని కట్టడానికి మినహాయింపు. కాబట్టి కడియం దగ్గరో తణుకు దగ్గరో లేఅవుట్ అంటూ మెయిల్ వస్తే ముందు చూడాల్సింది రెరా నంబరు. అది లేకపోతే ఆ మెయిలే సాక్ష్యం. మరొకరి పేరు పెట్టుకుని లాటరీ ఆశ చూపి మోసగించే మెయిళ్లకు ఐటీ చట్టం సెక్షన్ 66డి ఉంది: మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

వ్యక్తిగత డేటా చట్టం

చిరునామాల జాబితా ఎక్కడిదన్న ప్రశ్నను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నేరుగా అడుగుతుంది. బంగారం కొట్టు బిల్లు కోసం తీసుకున్న ఈమెయిల్‌ను మరో పనికి వాడాలంటే మళ్లీ అనుమతి కావాలి. ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారిని గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడం నిషిద్ధం, జరిమానా 200 కోట్ల వరకు. పదో తరగతి ఫలితాల వేళ పిల్లల వివరాలు పోగేసి ఇంటర్ అడ్మిషన్ల కోసం వెంటపడే కాలేజీలు చదవాల్సిన నిబంధన ఇది. దీని నియమావళి 2025 నవంబర్‌లో వెలువడింది. సంస్థలపై ప్రధాన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు గనుక అవి 2027 మేలో మొదలవుతాయి. అదే ఏడాది గోదావరి పుష్కరాలు. టూర్ ప్యాకేజీల వాళ్లకూ లాడ్జీలకూ అప్పటికి ఈ చట్టం వర్తిస్తుంది.