పది, తొమ్మిది, ఎనిమిది: ఒక నంబరు పుట్టుక

కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినవాళ్లకు ఆ మైకు గుర్తుండే ఉంటుంది. ప్రభల వెలుగులో, జనసందోహంలో నడుమ నడుమ ఒక కేక: పసుపు గౌను పాప ఏడుస్తూ మా దగ్గరుంది, తల్లిదండ్రులు ఎక్కడున్నా రావాలి. బిడ్డ తప్పిపోతే మన పల్నాటి జనం ఎరిగిన ఏర్పాటు అదొకటి. పేపర్లో వేయించే ‘కనబడుటలేదు’ ప్రకటన మరొకటి. మైకు వినపడే దూరం దాటితే మొదటిది పనిచేయదు. చదువు రాని ఇంటికి రెండోది అందదు.

ఆ లోటు తీర్చే నంబరు ముంబైలో పుట్టింది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో పనిచేసే జెరూ బిల్లిమోరియాకు వీధిపిల్లలతో చనువు. ఆపద వస్తే రాత్రివేళ ఆమెకే ఫోన్ చేసేవారు. ఒక్క మనిషి ఎందరికి పలకగలదు? అలా 1996లో పిల్లల ఫోన్ సేవ చైల్డ్‌లైన్ 1098 నంబరుతో మొదలైంది. హిందీలో ‘దస్ నౌ ఆఠ్’ అంటే పది నుంచి వెనక్కి లెక్కపెట్టినట్టే, పిల్లల నోట ఇట్టే నిలుస్తుంది. జేబులో పైసా లేని పిల్లవాడూ చేయగలగాలని 1098ని ఉచితం చేశారు.

నంబరు ఒక్కటే చాలదని 2006 డిసెంబరులో నోయిడాలోని నిఠారీ చూపించింది. బిడ్డలు కనిపించడం లేదని పేద తల్లిదండ్రులు ఠాణా చుట్టూ తిరిగారు, పట్టించుకున్నవారు లేరు. చివరికి ఒక ఇంటి వెనక మురుగుకాలువలో ఎముకలు దొరికాయి. ఈ చరిత్ర మొత్తంలో నన్ను కలచివేసేది ఆ తిరుగుళ్లే. 2013 మే 10న బాలల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది: తప్పిపోయిన ప్రతి బిడ్డకూ ఎఫ్ఐఆర్ రాయాలి, అపహరణో అక్రమ రవాణానో జరిగిందన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలి. ఇరవైనాలుగు గంటలు ఆగమనే హక్కు ఎవరికీ లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ‘మా పరిధి కాదు’ అనే మాటకూ చోటు లేకుండా చేసింది. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు రాయించవచ్చు.

మన మిరప చేలకు కావలసింది సరిగ్గా ఈ వెసులుబాటే. సంక్రాంతి దాటాక ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు, ప్రకాశం కోతలకు వస్తాయి. పెద్దలు సాళ్లలో, పిల్లలు గట్టు మీద. ఆ పిల్లలకు ఈ ఊరి పేరు తెలియదు, ఊరికి వాళ్ల మొహం తెలియదు. బిడ్డ కనిపించకపోతే కూలి మేస్త్రి వైపు చూస్తాడు, మేస్త్రి ఆసామి వైపు చూస్తాడు. విలువైన పొద్దంతా అక్కడే పోతుంది. ఈలోగా తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా పోయే రైళ్లు బిడ్డను రాష్ట్రం దాటించగలవు. అలా విజయవాడలో రైలు దిగే ఒంటరి పిల్లల కోసమే 1989లో డాన్ బాస్కో ఫాదర్లు నవజీవన్ బాలభవన్ పెట్టారు.

అయితే భయాన్ని అవగాహన అనుకోకూడదు. 2018లో వాట్సాప్ పుకార్లను నమ్మి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లంటూ అమాయకులను కొట్టి చంపారు. అనుమానం వస్తే చెయ్యెత్తకండి, అత్యవసర నంబరు 112కి చెప్పండి.

ఆసాములకు, మేస్త్రీలకు ఒక విన్నపం. కోతకు దిగిన తొలిరోజే తల్లిదండ్రుల్ని అడిగి ప్రతి బిడ్డ ఫొటో తీసి ఉంచండి. అమ్మానాన్నల పేర్లు, ఫోన్ నంబరు బిడ్డ నోటికి వచ్చేలా చెప్పించండి. బిడ్డ కనిపించలేదంటే చేలో పని ఆపి, 1098కి ఫోన్ చేసి, ఆ తల్లిని మీ బండి మీదే స్టేషన్‌కు తీసుకెళ్లండి.